రంగు పట్టికది, షరతు మనది
(సహకార సంఘముల కార్యదర్శులకు, గుమాస్తాలకు ఒక పాఠము)

జకార్డు మగ్గము మీద నేసిన వారికి ఈ పాఠములో సగము ముందే తెలిసియున్నది. అట్టలో రంధ్రమున్న చోట సూది లోనికి పోవును. దాని కొక్కెము నిలిచి, పోగును పైకి లేపును. రంధ్రము లేని చోట అట్ట సూదిని వెనుకకు నెట్టును. కొక్కెము తప్పుకొనును, పోగు క్రిందనే యుండును. అట్టకు పువ్వు తెలియదు, నెమలి తెలియదు. ఇచట రంధ్రమున్నదా లేదా అన్న ఒక్క ప్రశ్నయే దానికి తెలియును. పువ్వు తెలిసినవాడు అట్ట కొట్టినవాడు. ఒక రంధ్రము తప్పు కొట్టినచో ఆ తప్పు చీర పొడవునా పడుచునే యుండును. అందుకు మగ్గమును గాని, నేసిన వానిని గాని నిందించి లాభము లేదు.

కంప్యూటరులోని లెక్కల పట్టిక, అనగా స్ప్రెడ్‌షీటు, చూపునకు మన డిజైను గళ్ళ కాగితము వంటిదే. ఆ గడులలోని అంకెలను బట్టి వాటికి దానంతట అదే రంగు పడునట్లు చేయవచ్చును. దీనిని కండిషనల్ ఫార్మాటింగ్ అందురు. ఈ వ్యాసములో మనము దీనిని "షరతు రంగు" అని పిలుచుకొందము. గళ్ళ కాగితము మీద రంగు మనము చేతితో నింపుదుము. ఇచట మనము షరతు మాత్రమే వ్రాయుదుము. షరతు సరిపడిన గడికి రంగు అదియే వచ్చును, సరిపడని నాడు అదియే పోవును. అంకె మారినచో రంగు మారును. మరల కుంచె పట్టవలసిన పని లేదు.

ఇది కొత్త విద్య కాదు. చిన్న కంప్యూటరులపై నడచు లెక్కల పట్టికను 1979లో అమెరికాలో డాన్ బ్రిక్లిన్, బాబ్ ఫ్రాంక్‌స్టన్ అనువారు విసికాల్క్ పేరుతో వెలువరించిరి. షరతు రంగు ఎక్సెల్‌లో 1997 నాటి కూర్పుతో వచ్చినది. అప్పుడు ఒక గడికి మూడు షరతులకు మించి పెట్టుటకు వీలు లేకుండెను; 2007 కూర్పుతో ఆ అడ్డు తొలగినది. ఇప్పుడు డబ్బు పెట్టి కొనక్కరలేని లిబ్రేఆఫీస్ కాల్క్‌లోను, గూగుల్ షీట్స్‌లోను కూడ ఈ ఏర్పాటు కలదు. కావున మా సంఘము చిన్నది, మాకేల యని ఎవరును అనుకొనవలదు.

రంగు ఎందుకు?

మా చంద్రపూరు సంగతి చెప్పెదను. ఈ జిల్లాలోని రాజురా తాలూకా 1956 వరకు హైదరాబాదు రాష్ట్రములో ఆదిలాబాదు జిల్లాలోనిది. 1959లో మా జిల్లాలో చేరినది. ఇట్టి సరిహద్దు చోట కాగితములన్నియు ఒకే లిపిలో నుండవు. మా సంఘములో సభ్యుల పేర్లు తెలుగులో, సర్కారు ఉత్తరములు మరాఠీలో, బ్యాంకు కాగితములు ఇంగ్లీషులో నుండును. పాలకవర్గ సమావేశములో కూర్చున్నవారందరు మూడు లిపులు చదువలేరు. కొందరు అంకెలు చదువుదురు గాని, నలుబది వరుసల అంకెలలో ఏది చూడవలెనో వారికి తెలియదు. రంగును మాత్రము అందరు చదువుదురు. ఎరుపు కనబడగానే చూపు అచటికి పోవును. అందుచేతనే రంగు మనకు చాల మేలు చేయును. అందుచేతనే చాల కీడు కూడ చేయగలదు. కీడు సంగతి మా అనుభవము నుండి ముందు చెప్పుదును. మొదట పని నేర్చుకొందము.

పట్టిక ఎట్లుండవలెను

మొదటి అడ్డు వరుసలో శీర్షికలు వ్రాయుడు. రెండవ వరుస నుండి, ఒక్కొక్క పడుగునకు ఒక్కొక్క అడ్డు వరుస. నిలువు వరుసలు ఇవి:

ఎ – సభ్యుని పేరు
బి – పడుగు సంఖ్య
సి – పడుగు ఇచ్చిన తేదీ
డి – పేక నూలు పూర్తిగా ఇచ్చిన తేదీ
ఇ – ఇచ్చిన మొత్తము నూలు, కిలోలలో
ఎఫ్ – బట్ట ముట్టిన తేదీ
జి – ముట్టిన బట్ట, తిరిగి వచ్చిన నూలు, వేస్టు కలిపి బరువు, కిలోలలో
హెచ్ – నూలు తేడా
ఐ – కూలి చెల్లించిన తేదీ

ఈ పత్రికలో నిలువు వరుసల పేర్లను, ఫార్ములాలను తెలుగు అక్షరములతో అచ్చు వేయుచున్నాము. యంత్రములో కొట్టునపుడు వాటికి సరియైన ఇంగ్లీషు అక్షరములు కొట్టవలెను. అంకెలును అంతే. మా వైపు రశీదులలో మరాఠీ అంకెలు పడుట కలదు. పట్టికలో మాత్రము మొదటి నుండి చివర వరకు ఇంగ్లీషు అంకెలే వాడుడు.

ఒక గడిలో ఒక అంకె మాత్రమే యుండవలెను. "3 కిలోలు" అని వ్రాయరాదు. 3 అని మాత్రమే వ్రాయవలెను. కిలోలన్న మాట శీర్షికలో నున్నది గదా! అంకె ప్రక్కన అక్షరము చేరినచో యంత్రము దానిని అంకెగా గాక మాటగా తీసుకొనును. ఎక్సెల్ లెక్కలో మాట ఎప్పుడును అంకె కంటె పెద్దది. కావున "3 కిలోలు" అన్న గడి, వెయ్యి కంటె ఎక్కువ యున్నదా యని అడిగినను ఉన్నదనియే చెప్పును, రంగు వేసికొని కూర్చుండును. తేదీల నడుమ చుక్కలు పెట్టినను ఇట్టి చిక్కే వచ్చును, అడ్డగీత పెట్టుడు. గుర్తు పట్టుట సులభము: మనము ఏమియు సర్దకున్నచో అంకెయు, తేదీయు గడిలో కుడి వైపునకు ఒదుగును, మాట ఎడమ వైపునకు ఒదుగును. తేదీ ఎడమకు ఒదిగినచో అది తేదీ కాదని తెలిసికొనుడు.

మొదటి మెట్టు: తేలిక షరతు

నూలు తేడా ఎంత వచ్చినదో చూచుటకు హెచ్ వరుసలో, రెండవ గడియందు ఇట్లు వ్రాసి క్రిందికి లాగుడు:

=ఇఫ్($జి2="","",$ఇ2-$జి2)

అనగా బట్ట ఇంకను తూచనిచో ఏమియు చూపవలదు. తూచినచో ఇచ్చిన నూలులో నుండి వచ్చిన బరువు తీసివేసి చూపుమని అర్థము. రెండు జంట కామాలు దగ్గరగా నున్నచో ఖాళీ యని తెలిసికొనుడు.

ఇప్పుడు హెచ్ వరుసలోని గడులను మౌసుతో పట్టి, పైన హోమ్ అనుచోట కండిషనల్ ఫార్మాటింగ్ నొక్కి, హైలైట్ సెల్స్ రూల్స్‌లో గ్రేటర్ దాన్ ఎంచుకొని, 0.09 అని కొట్టి, రంగు కోరి, ఓకే అనుడు. 90 గ్రాముల కంటె ఎక్కువ తేడా వచ్చిన గడులకు రంగు పడును.

కాని ఇచట రెండు లోపములు కలవు. మొదటిది: బట్ట ఇంకను తూచని వరుసలకు కూడ రంగు పడును. ఫార్ములా వలన వచ్చిన ఖాళీ, యంత్రము కంటికి ఖాళీ కాదు, అక్షరములు లేని మాట. మాట అంకె కంటె పెద్దదని పైన చెప్పుకొంటిమి. రెండవది: ఎంత నూలు ఇచ్చినను 90 గ్రాములే హద్దనుట న్యాయము కాదు. చిన్న పడుగునకు చిన్న హద్దు, పెద్ద పడుగునకు పెద్ద హద్దు ఉండవలెను. ఈ రెండింటికిని మందు ఫార్ములా షరతు.

రెండవ మెట్టు: ఫార్ములా షరతు

హద్దు ఎట్లు కట్టవలెనో ముందు చూతము. నూలు నంబరు అనగా ఒక పౌనులో ఎన్ని చిలపలున్నవో ఆ సంఖ్య. చిలప 840 గజములు. ఈ లెక్కన 40వ నంబరు నూలు ఒక కిలోకు సుమారు 67,700 మీటర్లు వచ్చును. 3,000 పోగుల పడుగు, 36 మీటర్ల పొడవు అనుకొందము. మొత్తము 1,08,000 మీటర్లు. బరువు సుమారు 1 కిలో 600 గ్రాములు. అయిదున్నర మీటర్ల చీరలు ఆరు, అనగా 33 మీటర్ల బట్ట దిగును. తక్కిన 3 మీటర్లు నేతలో ముడుచుకొనుటకును, మగ్గము చివర మిగులుటకును పోవును. 48 అంగుళముల పన్నా, అంగుళమునకు 56 పేకలు అయినచో పేక నూలు సుమారు 1 కిలో 310 గ్రాములు పట్టును. రెండును కలిపి 2 కిలోల 910 గ్రాములు. సంఘము 3 కిలోలు ఇచ్చును. నూటికి 3 వంతులు తేడా ఒప్పుకొందమని పాలకవర్గము తీర్మానించినచో, ఈ పడుగునకు హద్దు 90 గ్రాములు.

ఇప్పుడు ఎ2 గడి మొదలు ఐ వరుస చివర వరకు పట్టికనంతయు పట్టుడు. కండిషనల్ ఫార్మాటింగ్‌లో న్యూ రూల్ నొక్కి, అడుగున నున్న "యూజ్ ఎ ఫార్ములా" అనుదానిని ఎంచుకొని, ఇట్లు వ్రాయుడు:

=ఆండ్($జి2<>"",$హెచ్2>$ఇ2*0.03)

ఫార్మాట్ నొక్కి, ఫిల్‌లో లేత పసుపు ఎంచుకొని, ఓకే అనుడు. ఆండ్ అనగా లోపలి మాటలన్నియు నిజమైనప్పుడే అని. ఎదురెదురు బాణముల గుర్తు, కానిది అని. బట్ట తూచుట జరిగియుండి, తేడా ఇచ్చిన నూలులో నూటికి 3 వంతులను మించినచో ఆ అడ్డు వరుస మొత్తమునకు పసుపు పడును.

డాలరు గుర్తును జాగ్రత్తగా చూడుడు. $హెచ్2 లో డాలరు హెచ్‌కు ముందున్నది, 2కు ముందు లేదు. అనగా ఏ గడికి రంగు వేయుచున్నను చూడవలసిన నిలువు వరుస హెచ్‌యే, అది కదలరాదు. అడ్డు వరుస మాత్రము క్రిందికి దిగుచుండవలెను. అచ్చులో పోగు ఏ పన్ను గుండా పోవలెనో ఆ పన్నులోనే నిలుచును, పడుగు మాత్రము ముందుకు జరుగును. డాలరు ఆ పన్ను వంటిది. డాలరు మరచినచో రంగు ప్రక్క వరుసకు జరిగి, అర్థము లేని చోట పడును. మనము పట్టిన గడులు రెండవ వరుసతో మొదలైనచో ఫార్ములాలోను 2 ఉండవలెను. ఇచట తేడా వచ్చినచో ఒకరి రంగు మరియొకరి పేరు మీద పడును.

మా సంఘములో జరిగిన పొరపాటు

2024లో నేను మా సంఘ పట్టికకు షరతు రంగు మొదటిసారి పెట్టితిని. బట్ట ఆలస్యమైన పడుగులు కనబడవలెనని నా కోరిక. గడువు 30 దినములు. ఇట్లు వ్రాసితిని:

=ఆండ్($ఎఫ్2="",టుడే()-$సి2>30)

టుడే అనగా ఈనాటి తేదీ. బట్ట ముట్టలేదు, పడుగు ఇచ్చి 30 దినములు దాటినది, కావున ఎరుపు. చూచుటకు చక్కగా నున్నది. జూలై 5వ తేదీ సమావేశములో తెర మీద పట్టిక చూపితిని. ఒక వరుస ఎర్రగా మెరిసెను. పడుగు ఇచ్చినది జూన్ 3; నాటికి 32 దినములు. పాలకవర్గము వారు తొలిసారి తెర మీద ఎరుపు చూచి సంతోషించిరి. గుమాస్తా పని ఇంత తేటగా కనబడుట ఎన్నడును లేదనిరి. ఆలస్యము చేయువానికి వెంటనే మరియొక పడుగు ఇచ్చుట ఎందుకని, అతనికి రావలసిన పడుగును మరియొకరికి వ్రాసిరి. తీర్మానము వ్రాసినవాడను నేనే.

ఆ నేతగాడు అరువది దాటినవాడు. మరునాడు కార్యాలయమునకు వచ్చి గుమ్మము దగ్గరనే నిలిచి అడిగెను:

"బిడ్డా, పడుగైతే ఇస్తిరి. పేక ఎన్నడిచ్చిండ్రు? నాడెల గాలి వెట్టి నెయ్యాల్నా?"

"కూసో బాపు, చూస్త" అని పట్టిక తెరచితిని. డి వరుసలో తేదీ ఉండనే ఉన్నది: జూన్ 27. వానలకు అద్దకపు నూలు ఆరక, పేక ఇచ్చుటలో సంఘమే 24 దినములు ఆలస్యము చేసినది. అతని చేతిలో పేక పడి సమావేశము నాటికి ఎనిమిది దినములే అయినది. ఆ తేదీని నా చేతితోనే పట్టికలో వ్రాసియుంటిని. ఎరుపు వరుసలో, అందరి కండ్ల ముందు, ఎరుపు క్రిందనే ఆ అంకె ఉన్నది. మేమెవ్వరమును చదువలేదు. రంగు చూచినవాడు అంకె చదువడు.

పాలకవర్గము వారు తరువాతి సమావేశములో తీర్మానమును రద్దు చేసి, పొరపాటు సంఘముదేనని మినిట్సులో వ్రాయించిరి. అతనికి పడుగు ఇచ్చిరి. నడుమ పదునైదు దినములు మగ్గము ఖాళీగా నిలిచినది. ఆ కూలిని మా ఫార్ములా ఏదియు తిరిగి తేలేదు.

తప్పు యంత్రముది కాదు. అది మేమడిగిన ప్రశ్నకు సరిగానే జవాబు చెప్పినది. పడుగు ఇచ్చి ఎన్నాళ్ళయినదని అడిగితిమి. నేయుటకు అతనికి ఎన్నాళ్ళు దొరికినవని అడుగలేదు.

దిద్దుకొన్న షరతులు

ఇప్పుడు మా పట్టికలో ఉన్న షరతులు ఇవి. ఆలస్యమునకు:

=ఆండ్($డి2<>"",$ఎఫ్2="",టుడే()-$డి2>30)

లెక్క పేక ముట్టిన నాటి నుండియే మొదలగును. ఇందులో మొదటి మాట, డి ఖాళీ కాకూడదనుట, మరువరానిది. అది లేనిచో ఖాళీ తేదీని యంత్రము సున్నగా తీసుకొనును. ఎక్సెల్ తేదీలను 1900 జనవరి 1 నుండి లెక్కించును. కావున పేకయే ముట్టని నేతగాడు నలుబది అయిదు వేల దినములకు పైగా ఆలస్యము చేసినట్లు తేలి, అందరి కంటె ముందు ఎర్రబడును!

ఈ షరతునకు లేత ఎరుపు రంగు ఉంచితిమి. ఆ పిమ్మట మరి రెండు షరతులు చేర్చితిమి. వీటికి రంగు నీలము. మొదటిది, పడుగు ఇచ్చి మూడు దినములు దాటినను పేక ఇయ్యనిచో:

=ఆండ్($సి2<>"",$డి2="",టుడే()-$సి2>3)

రెండవది, బట్ట ముట్టి ఏడు దినములు దాటినను కూలి చెల్లించనిచో:

=ఆండ్($ఎఫ్2<>"",$ఐ2="",టుడే()-$ఎఫ్2>7)

ఎరుపు, సభ్యుడు సంఘమునకు పడిన బాకీ. నీలము, సంఘము సభ్యునకు పడిన బాకీ. ఈ రెండును ఒకే పట్టికలో ఒకే తెర మీద కనబడవలెను. సహకార సంఘములో బాకీ ఒక వైపు మాత్రమే చూపు పట్టిక షావుకారు పట్టిక యగును గాని సంఘము పట్టిక కాదు. 1844లో ఇంగ్లండులోని రాచ్‌డేలు పట్టణమున ఇరువది ఎనిమిది మంది కలిసి సహకార దుకాణము తెరచిరి. వారిలో నేతగాండ్రును ఉండిరి. కొనువాడును, దుకాణము యజమానియు ఒకరే అగుట వారి పద్ధతి. మన సంఘములలోను నేయువాడే యజమాని. యజమాని లెక్క యజమానికి తేటగా కనబడవలదా?

నీలము పెట్టిన మొదటి వారమున మా తెర మీద ఎరుపు కంటె నీలమే ఎక్కువగా కనబడెను. ఆడిటరు వచ్చు దినమున దానిని తీసివేయరాదా యని సభలో ఒకరు అడిగిరి. తీసివేయుట సులభమే, క్లియర్ రూల్స్ అని నొక్కినచో చాలును. రంగు పోవును, బాకీ పోదు. కూలి చెల్లించి ఐ వరుసలో తేదీ వేయుడు, నీలము దానంతట అదియే పోవునని చెప్పితిని. పాలకవర్గము వారు అట్లే చేయించిరి.

షరతుల వరుస క్రమము

ఒకే వరుసకు రెండు షరతులు సరిపడినచో ఏ రంగు పడును? మేనేజ్ రూల్స్ తెరచినచో షరతులన్నియు ఒకదాని క్రింద నొకటి కనబడును. పైన నున్న దానిదే గెలుపు. బాణములతో షరతును పైకి, క్రిందికి జరుపవచ్చును. మా పట్టికలో నీలమును అన్నిటి కంటె పైన ఉంచితిమి. సంఘము బాకీ యున్న వరుసలో సభ్యుని తప్పు ఎత్తరాదని దాని భావము. బట్ట ముట్టి, నూలు తేడా వచ్చిన వరుసలో కూలి కూడ నిలిచియున్నచో ముందు నీలమే కనబడును. కూలి ముట్టిన పిమ్మట పసుపు బయట పడును. అప్పుడు తేడా సంగతి కూర్చుని మాటలాడుకొనవచ్చును. స్టాప్ ఇఫ్ ట్రూ అను గుర్తు పెట్టినచో, ఆ షరతు సరిపడిన చోట దాని క్రిందివాటిని యంత్రము చూడనే చూడదు.

జాగ్రత్తలు

ఒకటి. ఒక చోటి గడులను మరియొక చోట అతికించునపుడు వాటితో పాటు షరతులును వచ్చి చేరును. కొన్నాళ్ళకు ఒకే షరతు ముక్కలు ముక్కలుగా చీలి, కొన్ని వరుసలకు ఉండి కొన్నింటికి లేకుండ పోవును. అతికించునపుడు పేస్ట్ స్పెషల్‌లో వాల్యూస్ ఎంచుకొనుడు. నెలకొకసారి మేనేజ్ రూల్స్‌లో "అప్లైస్ టు" అనుచోట హద్దులు సరిగా నున్నవో లేవో చూడుడు.

రెండు. రంగులను యంత్రముచే నేరుగా లెక్కపెట్టించుటకు తేలిక ఫార్ములా లేదు. ఎన్ని ఎరుపులని అడుగుటకు బదులు ఎన్ని షరతులు నెరవేరినవని కౌంటిఫ్స్‌తో అడుగవలెను. ఎర్రవి మాత్రము చూడవలెనన్నచో ఫిల్టర్‌లో రంగును బట్టి ఏరుట కలదు.

మూడు. మన కార్యాలయములలో నల్ల సిరా ప్రింటర్లే ఎక్కువ. వాటి మీద ఎరుపును, నీలమును రెండును బూడిద రంగే. మరియు ఎరుపు, ఆకుపచ్చ రంగుల తేడా పోల్చలేని కండ్లు కొందరికి పుట్టుకతో నుండును. ఇది స్త్రీలలో కంటె పురుషులలో ఎక్కువ. అద్దకము పనిలో ఇట్టివారిని చూచినవారు మనలో ఉందురు. కావున ఎరుపు, ఆకుపచ్చల జంట వాడకుడు. చివర ఒక నిలువు వరుసలో "పేక ఇయ్యలేదు", "కూలి బాకీ" అని మాట కూడ వచ్చునట్లు ఇఫ్ ఫార్ములా వ్రాయుడు.

నాలుగు. రంగులు మూడింటికి మించవలదు. డేటా బార్లు, కలర్ స్కేల్స్, బొమ్మల గుర్తులు అని యంత్రములో చాల సొగసులు కలవు. అందులో కలర్ స్కేల్ సంగతి ప్రత్యేకముగా చెప్పవలెను. అది అంకెలలో అన్నిటి కంటె చిన్నదానికి ఒక కొస రంగు, పెద్దదానికి మరియొక కొస రంగు వేయును. అందరును బాగుగా పని చేసినను అందరిలో వెనుకనున్నవాడు ఎర్రబడియే తీరును. నూలు స్టాకు చూచుటకు అది మంచిదే. మనుష్యుల పేర్ల మీద దానిని వాడకుడు.

అయిదు. బట్ట బరువులో గంజి బరువును కలిసి వచ్చును. కావున నూలు తేడా ఒక్కొక్కప్పుడు సున్న కంటె తక్కువ రావచ్చును. అది పొదుపు కాదు, గంజి. తేడా తక్కువైనదని ఒకరిని మెచ్చుకొనుటకు ముందును, ఎక్కువైనదని ఒకరిని అనుటకు ముందును బట్టను చేతితో పట్టి చూడుడు.

ఆరు. రంగు పడిన పట్టికను గోడకు అతికించవలదు. అది పాలకవర్గము చూచి పని చేయుటకు గాని, ఊరు చూచి నవ్వుటకు కాదు. ఎవరి వరుస ఎర్రబడినదో వారిని ముందు పిలిచి అడుగుడు. అడిగిన జవాబును పట్టికలో వ్రాయుటకు "కారణము" అని ఒక నిలువు వరుస ఉంచుడు. మగ్గము విరిగినదా, ఇంటిలో జబ్బా, అచ్చు కుదరలేదా అన్నది ఏ ఫార్ములాకును తెలియదు.

అభ్యాసము

1. మీ సంఘములో 20 పడుగుల లెక్కను పైన చెప్పిన తొమ్మిది వరుసలలో వ్రాయుడు. ఎడమకు ఒదిగిన తేదీలెన్నియో చూచి దిద్దుడు.

2. ఆలస్యపు షరతును ఒకసారి సి వరుసతోను, మరియొకసారి డి వరుసతోను పెట్టి చూడుడు. రెండింటికిని ఎర్రబడిన వరుసల సంఖ్యలో ఎంత తేడా వచ్చినదో, అంత మందిని ఇంతకాలము ఏమనుకొంటిరో ఆలోచించుడు.

3. స్టాకు పట్టికలో ఏ నంబరు నూలు పది దినముల పనికి చాలదో దానికి నీలము పడునట్లు ఫార్ములా మీరే కట్టుడు. సూచన: మిగిలిన నూలును రోజువారీ ఖర్చుతో భాగించవలెను, రోజువారీ ఖర్చు గడి ఖాళీగా నున్నచో భాగహారము చెడును, కావున ముందు దానిని ఇఫ్‌తో అడుగవలెను.

పట్టికలో రంగు పడినంత మాత్రమున తీర్పు అయిపోయినట్లు కాదు. అది ఒక వరుసను చదువుమని మనకు చేయు సైగ మాత్రమే. సైగ చూచి చదువని కార్యదర్శి, చీర దిగిన పిమ్మట గాని అట్టలో తప్పు చూడని డిజైనరు వంటివాడు. ఇకమీదట తెర మీద ఎరుపు కనబడినప్పుడెల్ల, ఆ షరతు ఎవరు వ్రాసిరి, ఏ తేదీ నుండి లెక్క మొదలు పెట్టిరి అని ఒక్కసారి అడిగి, పిమ్మట పేరు చదువవలెనని సోదర కార్యదర్శులకు నా మనవి.